హాస్టల్ వార్డెన్‌గా ఆత్మహత్యల నివారణ శిక్షణ తీసుకున్నాను: నా అనుభవం

ఆగస్టు నెలాఖర్లో మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఒక సర్క్యులర్ పడింది. ఆత్మహత్యల నివారణ మీద ఒకరోజు శిక్షణ, టీచింగ్, నాన్ టీచింగ్ అందరూ రావాలి, రానివాళ్లకు ఒక సెలవు కట్. కింద వరసగా థంబ్స్ అప్ బొమ్మలు. నేనూ ఒకటి పెట్టేసి, రాత్రి అటెండెన్స్ రిజిస్టరు పట్టుకుని పై అంతస్తుకి వెళ్లిపోయాను.

గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో అమ్మాయిల హాస్టల్ వార్డెన్‌ని నేను. ఇలాంటి శిక్షణ మీ కాలేజీకి ఇంకా రాకపోతే త్వరలోనే వస్తుంది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, వంద మంది, ఆపైన విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి, హాస్టళ్లలో హెల్ప్‌లైన్ నంబర్లు కనిపించేలా పెట్టాలి అన్నవి అందులో ఉన్నాయి. మా ఆఫీసులో హడావిడి అంతా దాని వల్లే.

మొదట సెప్టెంబరు 10 అన్నారు. ఆ రోజు ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం, ఫొటోలకు బాగుంటుందని. మిడ్ పరీక్షలు అడ్డొచ్చాయి. తర్వాత దసరా సెలవులు. చివరికి అక్టోబరు 11న ఖాయమైంది. అది రెండో శనివారం. ఉన్న సెలవు కూడా పోయిందని లెక్చరర్లు సణిగారు. బస్సు డ్రైవర్లు మాత్రం నేరుగా అడిగారు, ఆ రోజుకి బత్తా ఇస్తారా అని. ఇవ్వరని తేలాక చాలామంది రాలేదు. రోజూ పొద్దున్నా సాయంత్రం పిల్లల్ని గంటేసి సేపు చూసేది వాళ్లే. ఆ డబ్బు దగ్గర చూసుకోకుండా ఉండాల్సింది. శిక్షణకు మా దగ్గర మాత్రం ఏమీ తీసుకోలేదు, భోజనం కూడా కాలేజీదే.

విజయవాడ నుంచి ఒక క్లినికల్ సైకాలజిస్టు మేడం, ఆవిడ అసిస్టెంటు వచ్చారు. సెమినార్ హాల్లో అలవాటు ప్రకారం ముందు వరసల్లో ప్రొఫెసర్లు, చివర్లో మెస్ వాళ్లు, ఆయాలు, సెక్యూరిటీ వాళ్లు కూర్చున్నారు. మేడం వచ్చీ రాగానే కుర్చీలన్నీ గుండ్రంగా వేయించారు. దానికే ఇరవై నిమిషాలు పట్టింది. మా హెచ్‌వోడీ ఒకాయన పక్కన టాయిలెట్లు కడిగే ఆవిడ కూర్చోవాల్సి వచ్చింది. ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది, మధ్యాహ్నం దాకా వెనక్కి ఆనుకోలేదు.

మేడం మొదట చెప్పిన మాట ఇది: "ఇంతమందిలో ఇంట్లోనో, స్నేహితుల్లోనో ఇలా ఒకరిని పోగొట్టుకున్నవాళ్లు తప్పకుండా ఉంటారు. ఎప్పుడు బయటికి వెళ్లాలనిపించినా లేచి వెళ్లండి. ఎవరూ ఎందుకని అడగరు. పక్క గదిలో మా అమ్మాయి ఉంటుంది, మంచినీళ్లు ఉంటాయి." ఇది నేను అనుకోలేదు. ఏవో స్లైడ్లు వేసి, పాయింట్లు చదివి పంపిస్తారనుకున్నాను. భోజనాలకు ముందు అకౌంట్స్ సెక్షన్ ఆయన ఒకరు లేచి వెళ్లారు. ఫీజు కౌంటర్లో పిల్లల మీద కేకలేస్తారని పేరున్న మనిషి. తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎవరూ ఏమీ అడగలేదు. మీరు ఇలాంటి శిక్షణకు వెళ్తుంటే ఆ రోజు సాయంత్రం వేరే పని పెట్టుకోకండి. నాకు ఇంటికొచ్చాక తలనొప్పి, రాత్రి సరిగ్గా నిద్ర లేదు.

ముందుగా ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు, అంతా ఇంగ్లిషులో. మెస్ వాళ్లు దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. మేడం అది చూసి కాగితాలన్నీ వెనక్కి తీసుకుని, తెలుగులో ఒక్కొక్కటే చదివి చేతులెత్తమన్నారు. "చస్తా చస్తా అనేవాళ్లు చావరు, అవునా కాదా?" అవునని బోలెడు చేతులు. "చావాలనుందా అని నేరుగా అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుంది?" దీనికి ఇంకా ఎక్కువ, పీహెచ్‌డీలవి కూడా. రెండూ తప్పేనట. అడగడం వల్ల ఆలోచన పుట్టదని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలిందని, చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్నదే ఊరట అని చెప్పారు. లెక్కల జోలికి ఎక్కువ పోలేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఇలా చనిపోయారని బోర్డు మీద రాసి, "పేపర్లో ప్రతి దానికీ ఒక్క కారణమే రాస్తారు, మార్కులనో ప్రేమనో. ఒక్క కారణంతో జరిగేది దాదాపు ఉండదు" అన్నారు.

మాకు నేర్పింది క్యూపీఆర్ అనే పద్ధతి. 1990ల్లో అమెరికాలో పాల్ క్విన్నెట్ అనే సైకాలజిస్టు రూపొందించారు. అడగడం, సాయం తీసుకోవడానికి ఒప్పించడం, సరైన చోటికి అప్పగించడం, అంతే. మనం డాక్టర్లం కానక్కర్లేదు, వైద్యం చెయ్యకూడదు కూడా.

అందరం భయపడింది అడగడం దగ్గరే. ఇద్దరిద్దరిగా జత కట్టి అభ్యాసం చేయించారు. నా జత సెక్యూరిటీ సూపర్‌వైజర్ గారు, మిలిటరీలో చేసి రిటైరైన మనిషి. నేను బాధలో ఉన్న విద్యార్థిని, ఆయన అడగాలి. ఇంట్లో ఎలా ఉన్నారన్నారు, అన్నం తిన్నావా అన్నారు, చదువు ఎలా ఉందన్నారు, చివరికి నుదురు తుడుచుకుని, "అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదమ్మా?" అన్నారు. మేడం అక్కడే ఆగి అందరికీ వినిపించేలా చెప్పారు: "మీరు 'లేవు కదా' అన్నాక ఆ పిల్లకి 'లేవు సార్' అనడం తప్ప దారి లేదు. మీ భయం పోగొట్టుకోడానికి అడిగారు, తన సంగతి తెలుసుకోడానికి కాదు. 'పిచ్చి' అన్నాక అసలే నోరు తెరవదు."

లెక్చరర్లు ఇంకా చుట్టూ తిరిగారు. ఒకాయన ఇంగ్లిషులోకి వెళ్లిపోయి "ఎనీ నెగెటివ్ థాట్స్?" అన్నారు. మా మెస్‌లో వడ్డించే ఆవిడ వంతు వచ్చింది. పిల్లలంతా మెస్ ఆంటీ అంటారు. ఎదురుగా కూర్చున్న లైబ్రేరియన్ గారి చెయ్యి పట్టుకుని, "ఏంటమ్మా, వారం నుంచి చూస్తున్నా, ముద్ద మింగట్లేదు నువ్వు. చచ్చిపోవాలనిపిస్తోందా?" అంది, ఇంకాస్త పప్పు వెయ్యనా అన్నంత మామూలుగా. హాలంతా నిశ్శబ్దం. ముందు చూసిన సంగతి చెప్పి, తర్వాత దాచకుండా అడిగిందని, ఇంతకన్నా నేర్పడానికి తన దగ్గర ఏమీ లేదని మేడం అన్నారు. ఆంటీ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం వినడం మీద. ఎదుటివాళ్లు మూడు నిమిషాలు మాట్లాడుతుంటే సలహా ఇవ్వకుండా వినాలి. రోజూ పాఠం చెప్పేవాళ్లకి ఇదొక శిక్ష. నిమిషం తిరక్కుండానే "నా మాట విని ఒక పని చెయ్యి" అని మొదలుపెట్టారు. "మీ అమ్మానాన్నల గురించి ఆలోచించావా", "నీకేం తక్కువ", "మా రోజుల్లో" లాంటివి వద్దన్నారు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దన్నారు. సెక్యూరిటీ సూపర్‌వైజర్ గారు పోలీసు కేసవుతుందా అని అడిగారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, పైగా వాళ్లకు చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది అని చెప్పారు. ఆ జవాబుతో చాలా మొహాలు తేలికపడ్డాయి. కేసుల భయంతోనే చూసీ చూడనట్టు పోయేవాళ్లు ఎంతమందో అప్పుడు అర్థమైంది.

మూడోదానికి, అంటే అప్పగించడానికి, మిగిలింది ఇరవై నిమిషాలు. నాలుగున్నరకి బస్సులు కదలాలి. టెలీ మానస్ 14416, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. కాలేజీ కౌన్సెలర్ నంబరు. ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీ. రాసుకున్నాం, లేచాం. బ్యానర్ ముందు గ్రూప్ ఫొటో మాత్రం తీరిగ్గా తీశారు. నన్నడిగితే ఈ భాగానికే సగం రోజు ఇవ్వాలి. కారణం కిందే ఉంది.

ఒక పని మంచిదయింది. అవసరం రాకముందే 14416కి ఒకసారి చేసి చూసుకోండి, కంగారులో ఉన్నప్పుడు ఆ రికార్డెడ్ గొంతు అడిగేవి అర్థం కావు అన్నారు మేడం. ఆ రాత్రే చేశాను. ముందు భాష ఎంచుకోమంది, కొన్ని నిమిషాలు ఆగాక ఒకమ్మాయి తెలుగులో పలికింది. హాస్టల్ వార్డెన్‌నని, పిల్లల కోసం తెలుసుకుంటున్నానని చెప్పాను. విసుక్కోలేదు. పక్కవాళ్ల గురించి కూడా చెయ్యొచ్చని, రాత్రి ఎంతయినా ఫర్వాలేదని చెప్పింది. మర్నాడు ప్రతి అంతస్తులో మంచినీళ్ల ఫిల్టర్ పక్కన ఆ నంబరు అంటించాను. నోటీసు బోర్డు ఎవరూ చూడరు.

ఇక నవంబరు. ఇప్పుడు చెప్పబోయేది ఆ అమ్మాయి రాయమన్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నవంబరు చివర్లో ఒక శనివారం రాత్రి భోజనాలయ్యాక మెస్ ఆంటీ నా గదికి వచ్చింది. చేతిలో ఆవకాయ సీసా. "మేడం, ఫలానా పిల్ల నాకిచ్చేసింది. ఇంటి నుంచి వచ్చి వారం కాలేదు, పైన నూనె కూడా కదల్లేదు చూడండి. ఎవరన్నా ఇస్తారా? మూడు రోజుల్నుంచి ప్లేటు ముందు కూర్చుని లేచిపోతోంది." హాస్టల్లో ఉన్నవాళ్లకి తెలుస్తుంది, ఇంటి ఆవకాయ సీసాకి తాళం వేసుకుంటారు పిల్లలు. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం అన్నది మేడం చెప్పిన గుర్తుల్లో ఒకటి.

ఆ అమ్మాయిని నా గదికి పిలిచాను. ఆఫీసు గదికి అద్దాల తలుపు, అందుకని అక్కడ కాదు. మంచం మీద కూర్చోబెట్టి, చూసింది చూసినట్టు చెప్పాను, అన్నం సంగతి, సీసా సంగతి. తర్వాత అడిగాను, చచ్చిపోవాలనిపిస్తోందా అని. గొంతు తడారిపోయింది, మాట మాత్రం బయటికొచ్చింది. ఆమె ఉలిక్కిపడలేదు. కాసేపటికి, "ఎవరికీ చెప్పరు కదా?" అంది.

"ఒకరిద్దరికి చెప్పాలమ్మా. ఎవరికి, ఎలా అన్నది మనిద్దరం కూర్చుని అనుకున్నాకే" అన్నాను. కోపం వచ్చింది, అటు తిరిగి కూర్చుంది. వెళ్లిపోతుందేమోనని భయపడ్డాను. వెళ్లలేదు. మూడు సబ్జెక్టులు, కట్టని ఫీజు, హాల్ టికెట్ ఆపేస్తారన్న భయం, ఇంట్లో ఒక గొడవ. గంటకు పైనే మాట్లాడింది. దగ్గర ఏదైనా పెట్టుకున్నావా అని కూడా అడగమని నేర్పారు, అడిగాను. ఉందంది. అదేమిటో రాయను. ఆమె చేతనే తెప్పించి నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

అప్పటికి రాత్రి పదిన్నర దాటింది. కౌన్సెలర్ వచ్చేది మంగళ, శుక్రవారాలు. ఫోన్ చేస్తే స్విచాఫ్. ప్రిన్సిపాల్‌కి మెసేజ్ పెట్టి 14416కి చేశాను. ఈసారి కాస్త ఎక్కువ సేపే ఆగాల్సి వచ్చింది. ఫోన్ అమ్మాయికి ఇచ్చి నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. చాలాసేపు మాట్లాడాక తనే ఫోన్ నాకిచ్చింది. రాత్రి ఒంటరిగా వదలొద్దు, ఆలోచన ముదిరినట్టనిపిస్తే పొద్దుటి దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, లేకపోతే సోమవారం ఓపీలో తప్పకుండా చూపించండి అని చెప్పారు.

తర్వాత ఇంటికి. నాన్నకి వద్దు, అమ్మతో అయితే సరే అంది. రిజిస్టర్లో అమ్మ నంబరు అని రాసింది చేస్తే నాన్నే ఎత్తారు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోనట. ఇది ఏ శిక్షణలోనూ చెప్పరు. "ఏం చేసింది?" అన్నది ఆయన మొదటి మాట. "ఏమీ చెయ్యలేదండీ. మీ అమ్మాయి చాలా బాధలో ఉంది, జాగ్రత్తగానే ఉంది, నా దగ్గరే ఉంది. రేపు మీరిద్దరూ రండి. వచ్చేదాకా ఫోన్లో తనని ఏమీ అనకండి" అన్నాను. ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ ఫోన్ అమ్మగారి చేతికెళ్లింది. ఇప్పుడు నేను అడ్మిషన్లప్పుడు ఇంకో నంబరు కూడా రాయించుకుంటున్నాను, పిన్నిదో మేనమామదో, పిల్ల తనంతట తను చెప్పినవాళ్లది.

ఆ రాత్రి తను నా మంచం మీద, నేను కింద చాప మీద. మెస్ ఆంటీ ఇంటికి పోకుండా వరండాలో పడుకుంది. దానికి ఓవర్‌టైమ్ ఏమీ రాలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి తల్లిదండ్రులు దిగారు. సోమవారం ఎనిమిదింటికే ఆసుపత్రికి వెళ్లాం. ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరు గది ముందు ఇంకో లైను. లోపలికి పిలిచేసరికి పన్నెండున్నర. డాక్టరు గారు ముందు అమ్మాయితో ఒక్కదానితోనే మాట్లాడారు, తర్వాత వాళ్లతో కలిపి. మందులు అక్కడే ఉచితంగా ఇచ్చారు, రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఖర్చంతా రానూపోనూ ఆటో, టిఫిన్లు కలిపి ఏడొందల దాకా అయింది, నాన్నగారే పెట్టుకున్నారు. లైన్లో ఉన్నంత సేపూ అమ్మగారు నన్నడిగినవి రెండే: మాత్రలు అలవాటైపోతాయా, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరికైనా తెలుస్తుందా. మొదటిదానికి డాక్టరు గారిని అడగమన్నాను. రెండోదానికి, నా నోటి నుంచి పోదన్నాను.

అసలు గొడవ కాలేజీలో. మంగళవారం ఆఫీసుకి పిలిపించి, ఏం జరిగినా కాలేజీకి సంబంధం లేదని తండ్రి చేత సంతకం పెట్టించుకుని, గది ఖాళీ చేయించమన్నారు. శిక్షణ ఫొటో కాలేజీ పేజీలో పెట్టి రెండు నెలలు కాలేదు. ఆ పిల్ల నమ్మి నోరు విప్పినందుకు గది పోతే, రేపు ఇంకో పిల్ల విప్పుతుందా అని అడిగాను. నా మాటకి అంత బలం ఉండేది కాదు గానీ, అభ్యాసం రోజు ఇంగ్లిషులోకి వెళ్లిపోయిన ఆ లెక్చరరే అమ్మాయి బ్రాంచి వాళ్లు, ఆయన నా వెంట వచ్చారు. సంతకం ఆగింది. డాక్టరు చీటీ తెచ్చాక హాస్టల్‌కి రావొచ్చన్నారు. ఇంట్లో కొన్నాళ్లుండి డిసెంబరులో వచ్చింది. ఫీజు వాయిదాల్లో కట్టేలా అకౌంట్స్ ఆయనే దగ్గరుండి కాగితం రాయించారు. మందులు వాడుతోంది, ఒక సబ్జెక్టు గట్టెక్కింది, రెండున్నాయి. రూమ్‌మేట్‌తో ఎప్పటిలాగే పోట్లాడుతోంది.

వాళ్లు ఊరెళ్లిన రోజు నాకు చేతులు వణికాయి. అప్పటిదాకా ఏమీ లేదు. ఇంట్లో చెప్పలేను, చెప్పకూడదు. శిక్షణ ఇచ్చిన మేడం నంబరు ఉంటే చేశాను. అరగంట విన్నారు, పేరు అడగలేదు, సలహా కూడా ఇవ్వలేదు. మీకు శిక్షణ ఇచ్చేవాళ్లని ఇది ముందే అడిగి పెట్టుకోండి, తర్వాత మేం ఎవరికి ఫోన్ చెయ్యాలి అని.

సర్టిఫికెట్ డిసెంబరు మధ్యలో వచ్చింది, నా ఇంటిపేరులో అక్షరం తప్పుతో. మెస్ ఆంటీది రాలేదు. మెస్ కాంట్రాక్టు కింద ఉన్నవాళ్లు లిస్టులో లేరన్నారు. అడిగి అడిగి జనవరిలో రాయించాను, ఆవిడ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తీసుకెళ్లింది.

రెండో శిక్షణ ఫిబ్రవరిలో అంటున్నారు. ఈసారి రాత్రి డ్యూటీ వాచ్‌మన్లని, బస్సు డ్రైవర్లని పిలవాలని, ఆ రోజు బత్తా ఇవ్వాలని, అప్పగించడం మీద ఒక పూటంతా పెట్టాలని, కౌన్సెలర్ లేని రోజుల్లో ఎవరికి ఫోన్ చెయ్యాలో పేరుతో సహా రాసి ఇవ్వాలని లెటర్ పెట్టాను. చివరిదానికి సరే అన్నారు, ఇద్దరి పేర్లు వచ్చాయి. బత్తా సంగతి బడ్జెట్ చూసి చెప్తామన్నారు. డ్రైవర్లు నన్ను రోజూ అడుగుతున్నారు.